గాలి గొట్టానికి అడ్డురేకు

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

ఇక్కడ నేనూ మీ చెల్లెమ్మా బాగానే ఉన్నాం. మీ చెవుల సంగతి తెలుసు కాబట్టి ఫోన్ చెయ్యలేదు. అక్క ఉన్నప్పుడు నేను చెప్పింది ఆవిడ విని మీకు గట్టిగా చెప్పేది. ఇప్పుడు ఆ వీలు లేదు, అందుకని ఉత్తరం.

ఆదివారం మీ దగ్గరికి బయలుదేరాను. అక్క పోయాక ఆవిడ కారు నాకిచ్చి, "నాకెలాగూ నడపడం రాదు, తీసుకుపో. కానీ వచ్చినప్పుడల్లా ఇందులోనే రా, గేటు ముందు దీన్ని చూడాలి నేను" అన్నారు మీరు. ఆ మాట కోసం కార్లోనే బయలుదేరాను. మన ఊళ్ల మధ్య కొండ మొదలయ్యేదాకా బాగానే నడిచింది. మొదటి మలుపు తిరిగాక ఆయాసం మొదలైంది. రెండో మలుపులో ఎంత తొక్కినా ముందుకు కదలక గురక పెట్టింది. మండుటెండ. వెనక లారీవాడు మా తాతముత్తాతలందరినీ తలుచుకున్నాడు. ఏం చేస్తాను, వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.

మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. గాలి పీల్చే గొట్టం ఇంజను వేడినంతా పీల్చేస్తోందట. వేడిగాలి పీలిస్తే బండికి బలం ఉండదట. "మధ్యలో ఏదో రేకు అడ్డం ఉండాలే, ఏమైంది?" అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది. కారు తెచ్చిన కొత్తలో కడుగుతుంటే అక్కడ మసిపట్టిన రేకుముక్క కనిపించింది. ఎవరో తెలివితక్కువవాడు డబ్బా రేకు కత్తిరించి అక్కడ దోపాడనుకుని పీకి పారేశాను. ఈ పాత మోడల్‌కి కొత్త రేకు ఎక్కడా దొరకదట, చేసుకోవాల్సిందేనట. అది ఎవరు చేశారో, ఎలా చేశారో మీకేమైనా తెలుసా?

మీ బావమరిది

తా.క. ఆ రేకు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. బదులుగా ప్లాస్టిక్ మగ్గు ఇచ్చాడు. మగ్గు మటుకు బాగుంది.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఆ తెలివితక్కువవాణ్ణి నేనే.

ఆ రేకు నేనే చేశాను. మీ అక్క నర్సు ఉద్యోగానికి కొండకి అటూ ఇటూ తిరుగుతుండేది కదా, ఎండాకాలం బండి ఎక్కడం లేదని ఒకరోజు మొత్తుకుంది. పెరట్లో కూర్చుని కత్తిరించి బిగించాను. నీకు చూడ్డానికి బాగుండకపోవచ్చు. టైలరువి కదా, నీ కళ్లకు అన్నీ వంకరగానే కనిపిస్తాయి.

మళ్లీ చెయ్యడం పెద్ద పనేం కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి, ఇంజను నాకొక లెక్కా? పటం గీసి పంపుతున్నాను. పటంలో పైవైపు ఉత్తరం. ఉత్తరాన రేడియేటర్, దక్షిణాన నీ కాళ్లు. నడుమ పర్వతంలా ఇంజను. పర్వతానికి తూర్పున గాలి గొట్టం నోరు. ఈ రెండింటికీ మధ్య రేకు నిలబడాలి. పర్వతం మీది వేడిగాలి దాన్ని దాటి రాకూడదు, ఉత్తరం నుంచి వచ్చే చల్లగాలి మాత్రం గొట్టంలోకి పోవాలి. రేకు ఆకారం విడిగా గీశాను. ముందు అట్టముక్క మీద కత్తిరించి చూసుకో, తర్వాత రేకు కొయ్యి.

తొందరగా చేసుకుని రా. గేటు గొళ్ళెం బిగుసుకుపోయింది, నువ్వొస్తే సరిచేస్తావని అలాగే ఉంచాను.

నీ బావ

తా.క. మగ్గు ఏ రంగు?

*

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

ముందుగా క్షమాపణ. అది మీరు చేసిన రేకని తెలిస్తే ఆ మాట రాసేవాణ్ణి కాదు. మీ ఉత్తరం చదివి మీ చెల్లెమ్మ నన్ను కడిగేసింది. సిగ్గుతో రెండు రోజులు కొట్లో తలెత్తలేదు. నాలుగు చొక్కాలకు బొత్తాలు ఎడమవైపు కుట్టాను.

మీ పటం ప్రకారమే చేశాను. మీ బొమ్మను రేకు మీద పెట్టి, సుద్దతో గీసి, కత్తిరించాను. తీరా చూస్తే అరచేతిలో ఇమిడిపోయింది. నెలల పిల్లాడి చొక్కాకి కాలరులా ఉంది. ఇంత చిన్న ముక్క అంత వేడిని ఎలా ఆపుతుందా అనుకున్నాను. కానీ పెద్దవారు, మీకు తెలియదా అని ఊరుకున్నాను.

ఇక తూర్పు. మా సందు సంగతి మీకు తెలుసుగా, కారు పడమటి వైపు ముక్కు పెట్టుకుని తప్ప నిలబడదు. తూర్పు అంటే స్టీరింగు వైపు వచ్చింది. మీరు గాలి గొట్టం అని గీసినచోట నాకు వైపర్ల మోటారు కనిపించింది. మీ మాట కాదనడం ఇష్టంలేక దానికే అడ్డం పెట్టి బిగించాను. ఇప్పుడు వైపర్లకు వేడి తగలడం లేదు. కారు మాత్రం రెండో మలుపులో అదే గురక. శబ్దం ఎలా ఉందంటే, మిషన్ కింద దారం చిక్కుపడ్డప్పుడు వస్తుందే, అలా ఉంది.

ఈ వారమూ రాలేకపోయినందుకు బాధగా ఉంది.

మీ బావమరిది

తా.క. ఎరుపు.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు, వాటితోపాటు నాలుగు చివాట్లు.

పటానికి కుడివైపు కింది మూల స్కేలు రాశాను, చూడలేదా? ఒక అంగుళం అంటే మూడు అంగుళాలు. ప్రపంచ పటం మీద సముద్రం జానెడే ఉందని ఈదడానికి దిగుతావా? నా క్లాసులో అయితే నిన్ను బెంచీ మీద నిలబెట్టేవాణ్ణి.

ఇక దిక్కులు. పటం చదివేటప్పుడు పటాన్ని ఉత్తరానికి తిప్పి పెట్టుకోవాలి. కారు చూసేటప్పుడు కారునూ అంతే. నీ సందు పడమటికి ఉంటే అది సందు తప్పు. కారు ముక్కు ఉత్తరానికి తిప్పి మళ్లీ చెయ్యి.

శబ్దం గురించి రాశావు. దారం చిక్కుపడ్డ శబ్దం నాకు తెలియదు. మీ అక్క మిషన్ తొక్కేటప్పటికే నా చెవులు పోయాయి. ఆ చప్పుడు ఇల్లంతా మోగుతున్నా నాకు మాత్రం నిశ్శబ్దంగానే ఉండేది. ఇప్పుడూ నిశ్శబ్దంగానే ఉంది, కానీ తేడా తెలుస్తోంది.

ఆదివారం వరండాలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక లోపలికి వెళ్లిపోయాను.

నీ బావ

తా.క. ఎండలో రేకు కత్తిరించేటప్పుడు ఎవరో ఒకరు గొడుగు పట్టాలి, లేకపోతే రేకు కాలి చేతులు బొబ్బలెక్కుతాయి. గొడుగు పట్టేవాడి భుజం ఎంత నొప్పి పుడుతుందో మాత్రం ఎవరూ పట్టించుకోరు.

*

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే కారును ఉత్తరానికి తిప్పాను. అంటే సందుకి అడ్డంగా పెట్టాను. మంగలి కొట్టుకి వచ్చినవాళ్లు బయటికి పోలేక, బయటివాళ్లు లోపలికి రాలేక ఆగిపోయారు. సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి ఏం జరుగుతోందని అడిగాడు. పటం చదువుతున్నామని చెప్పాను. ఆయన మిగతా సగం గీయించుకోవడానికి లోపలికి పోయాడు.

ఈసారి మూడింతలు చేసి కత్తిరించాను. అయినా పొరపాటు జరిగింది. చేతి అలవాటు, ఏం చెప్పను, చుట్టూరా కుట్టుకి అంగుళం వదిలేశాను. రేకుకి కుట్టేముంటుందని కత్తిరించాక తట్టింది. అప్పటికే అంచు పదునుకి మోకాలు తెగింది. ఇంజనులోని గొట్టాలు కూడా తెగుతాయేమోనని అంచు చుట్టూ గుడ్డతో పైపింగ్ కుట్టాను, లోపలివైపు లైనింగ్ వేశాను. చూడ్డానికి కోటులా కుదిరింది. బానెట్ మాత్రం మూతపడలేదు. పరికిణీ నాడాతో కట్టి బయలుదేరాను.

మొదటి మలుపులో లైనింగ్ కాలిన వాసన. రెండో మలుపులో నాడా తెగి బానెట్ లేచి అద్దానికి అడ్డం వచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటూ కొండ దిగాను. ఎదురొచ్చినవాళ్లంతా గుడ్లప్పగించి చూశారు. నవ్వు రాలేదు బావగారూ. కొండ కింద రోడ్డు పక్కన బండి ఆపి, తెగిన నాడా ముడేసి బానెట్ మళ్లీ కట్టాను.

ఈ ఏడాది స్కూలు యూనిఫాంల ఆర్డర్ తీసుకోలేదు. మీ చెల్లెమ్మ ఎందుకని అడగలేదు, తెలుసు కాబట్టి.

మీ బావమరిది

తా.క. చిన్న అనుమానం. మీరు రేకు చేసినప్పుడు స్క్రూలు దేనికి బిగించారు? మీ పటంలో చూపించినచోట వైపర్ నీళ్ల డబ్బా ఉంది.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

స్క్రూలు ఉండాల్సినచోటే బిగించాను. పటాలకు కూడా వయసు మీద పడుతుంది, అప్పుడప్పుడు నదులు దారి మార్చుకుంటాయి. నీళ్ల డబ్బా అక్కడికి ఎలా వచ్చిందో నువ్వే కనుక్కో.

మోకాలికి మందు రాసుకో. రేకుకి లైనింగ్ ఎవరూ వెయ్యరు. గుడ్డ తీసేసి, అంచు కోసి, మళ్లీ చూడు. ఈసారి స్కేలు వెయ్యకుండా ఉన్నంత బొమ్మే గీసి పంపుతున్నాను. ఒంటిచేత్తో గీశాను కాబట్టి గీత కాస్త వణికింది. మునుపు నేను పటం గీస్తుంటే కాగితం కదలకుండా మీ అక్క పట్టుకునేది.

ఒక మాట అడగాలని ఉంది. రోజూ అలవాటుగా రెండు కప్పులు కడుగుతున్నాను, ఒకదాంట్లోనే తాగుతున్నాను. ఆ రెండోది నీకని ఉంచుకున్నాను. నువ్వు రాకపోవడం ఆ రేకు వల్లే అనుకుంటున్నాను. ఇంకేదైనా అయితే అదీ రాయి. చెవులు పోయినా కళ్లు బాగానే ఉన్నాయి, ఏది రాసినా చదువుకుంటాను.

నీ బావ

తా.క. చెల్లెమ్మని మోకాలు చూడమను. నువ్వు చూసుకుంటే దానికీ పైపింగ్ వేస్తావు.

*

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ పటం అందింది. చేశాను. లాభం లేకపోయింది. పోయిన ఆదివారం కూడా మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. వెనక్కి వచ్చేశాను. ఎండలు తగ్గాక చూద్దాం. కొట్లో పని ఎక్కువగా ఉంది.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ బావమరిది

తా.క. ఆ ఎర్ర మగ్గు ఇప్పుడు మా ఇంట్లో లేదు.

*

బావమరిదికి,

ఈ ఉత్తరం కొండ మీద టీకొట్టు బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. కాగితానికి టీ మరక అంటింది, ఏమీ అనుకోకు.

ఆ కొండకి రెండే మలుపులు. భూగోళం మాస్టారికి అబద్ధం రాసేముందు మలుపులు లెక్కపెట్టుకుని ఉండాల్సింది. నీ ఉత్తరం చూసి ముందు నవ్వుకున్నాను. తర్వాత రోజంతా ఏమీ తోచలేదు. ఇవాళ గొడుగు తీసుకుని బస్సెక్కి ఇక్కడ దిగాను.

కొట్టతన్ని అడిగాను, లేత నీలం కారు, మెడలో టేపు వేసుకున్న మనిషి, ఎప్పుడైనా వచ్చాడా అని. నాకు వినపడాలని అతను అరిచి చెప్పాడు, టీ తాగుతున్నవాళ్లంతా విన్నారు. రెండు ఆదివారాలుగా వస్తున్నావట. బండి ఒక్క దగ్గు కూడా లేకుండా ఎక్కుతోందట. ఈ బల్ల మీదే కూర్చుని మా ఊరి వైపు చూస్తావట. మా ఇంటి కప్పు ఏదో చూపించి, అదిగో అది మా అక్కవాళ్లదని అతనికి చెప్పావట. తర్వాత కారెక్కి వచ్చిన దారినే పోతావట.

అయితే రేకు కుదిరింది. ఆ మాట నాకు రాయలేదు. రాకూడదనుకుంటే రాకు, నిన్ను నిందించను. దానికి కారణం నేనే అని నాకు తెలుసు. మీ అక్క మంచానపడ్డప్పుడు నువ్వు వెంటనే వస్తానంటే, "కంగారేం లేదు, యూనిఫాంలు పూర్తిచేసుకుని నిదానంగా రా" అన్నాను. నీకు నష్టం వస్తుందేమోనని అన్నాను. ఆవిడ నిదానంగా పోలేదు. ముందురోజు దాకా కళ్లు గేటు వైపే ఉన్న మనిషి, తెల్లారేసరికి లేదు. ఆ మాట అన్నందుకు నేను రోజూ పశ్చాత్తాపపడుతున్నాను. నీకు నా మొహం చూడాలని లేకపోతే అందులో తప్పేం లేదు.

కానీ కారు పేరు చెప్పకు. పాపం అది కొండ ఎక్కుతూనే ఉంది. ఇక రేకు సంగతులు రాయను.

బావ

తా.క. ఇక్కడి టీలో చక్కెర ఎక్కువ. నువ్వు రెండు తాగుతావట. తగ్గించు.

*

బావగారికి, మీ కాళ్లకు మొక్కి రాసేది.

మీ ఉత్తరం కొట్లోనే చదివాను. చేతిలో ఉన్న చొక్కా తడిసింది. మళ్లీ ఇస్త్రీ చేసి ఆ చొక్కా మనిషికి ఇచ్చాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను.

మీ ఆఖరి పటం వచ్చాక కొత్త రేకు కోసం పాత సామాన్లవాడి కొట్టుకి వెళ్లాను. అక్కడ నూనె డబ్బా మీద మూతగా ఒక మసిరేకు పెట్టి ఉంది. నేను పారేసిన రేకే. తీసి తుడిచాను. అంచు రెండు మడతలు మడిచి, మూల దగ్గర చిన్న మడత లోపలికి తోసి, పైన గోటితో నొక్కినట్టు అణిచి ఉంది. ఆ మూల మడత మా నాన్న పనితనం. కాలరు మూల అలాగే తిప్పేవాడు. ఆయన దగ్గర అది నేర్చుకున్నవాళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను. ఆ రేకు నేను మడవలేదు.

అక్కడే మీ ఉత్తరాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను బావగారూ. మీ మునుపటి ఉత్తరాల్లోని గొడుగు సంగతి, స్క్రూల సంగతి అప్పుడు అర్థమయ్యాయి. గొడుగు పట్టినవాడి భుజం నొప్పి పుట్టిందంటే కత్తెర పట్టింది ఇంకొకరని నాకు ముందే తట్టాల్సింది. కొండ ఎక్కడానికి మా అక్క తన చేతుల్తో చేసుకున్న రేకుని నేను తెలివితక్కువవాడి పని అన్నాను, మగ్గుకి మార్చేశాను. నాకు ఆ బాధ తెలియకూడదని మీరు ఆ మాట మీ మీద వేసుకున్నారు. అందుకోసం రాని విద్య నాకు నేర్పారు. ఎర్ర మగ్గు తిరిగిచ్చి రేకు తెచ్చుకున్నాను.

దాని రంధ్రాలు గాలి ఫిల్టర్ డబ్బా బోల్టులకి ఇట్టే కూర్చున్నాయి. ఎటు తిప్పాలో వెతకాల్సిన పని లేకపోయింది. మలుపులు రెండూ బండికి తెలియనే లేదు. పైకి చేరి మీ ఇంటి కప్పు చూశాక టీకొట్టు దగ్గరే ఆగిపోయాను. ఆ గేటు వైపే ఆవిడ చూస్తూ ఉండేదని మీరు రాయకముందే నాకు తెలుసు. "నిదానంగా రా" అన్నది మీరే. కానీ విన్నది నేను. ఆ మాట వినకుండా నేను బయలుదేరి ఉండొచ్చు. మిమ్మల్ని చూడాలని లేక కాదు. గేటు తీస్తే ఆవిడ ఎదురొచ్చి "ఇప్పుడా రావడం" అనదే, అదొక్కటే నా వల్ల కాలేదు.

ఎండలు తగ్గేదాకా ఆగను. ఈ ఆదివారం వస్తున్నాను. కొండ మీద ఆగను, టీ తాగను. రెండో కప్పు కడిగి ఉంచండి, గొళ్ళెం నేను చూస్తాను. తెలివితక్కువవాడు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఎవరికి చెప్పాలో ఆవిడ లేదు, మీకు చెబుతాను. గట్టిగానే చెబుతాను, మీకు వినపడేట్టు.

మీ బావమరిది

తా.క. మగ్గు ఏమైందని మీ చెల్లెమ్మ ఇంకా ఇల్లంతా వెతుకుతోంది. ఇద్దరం కలిసి ఏదైనా అబద్ధం ఆలోచిద్దాం. మీరు ముందు చెప్పకండి, మీకు చేతకాదు.

మరొకటి. కారు మీ గేటు ముందు ఉత్తరానికి తిప్పే ఆపుతాను. బానెట్ ఎత్తి అక్క చేసిన మడత మీకు చూపిస్తాను. ఎండగా ఉంటుంది. మీరు గొడుగు పట్టుకుని నిలబడండి, అప్పటిలాగే.